ఇంటర్వెల్ ఎక్కడ పడాలి?

కెనడా సినిమా హాళ్లలో నాకు కనిపించిన నిర్మాణ లోపం ఒక్కటే. సీటు వెనక్కి వాలుతుంది. తెర ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒకే వెలుతురుతో ఉంటుంది. ఎడమ వైపు పేలిన బాంబు ఎడమ చెవికే ముందు వినిపిస్తుంది. అన్నీ సరిగ్గా ఉన్నాయి, సినిమాను మధ్యలో ఆపరు, అంతే. నగరాలు కూలుతున్నా, గ్రహాలు పగులుతున్నా, సూపర్‌హీరో చిత్రాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఏకబిగిన నడిపించేస్తారు. నేను కాకినాడలో పెరిగి మెకానికల్ ఇంజినీరింగ్ చదివినదాన్ని. సినిమా అంటే రెండు రెక్కలుగా తయారై, నడుమ ఒక మడతబందుతో కలిసే వస్తువని నా నమ్మకం. ఇక్కడి పద్ధతి నాకు తలుపును మడతబందు లేకుండా గోడకు అతికించినట్టుగా ఉండేది.

ఆ రోజుల్లో నార్త్ యార్క్‌లో, సబ్‌వే స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగే దూరంలో, ఒక కాండో అపార్ట్‌మెంటులో ఉండేదాన్ని. ఆంధ్ర, తెలంగాణల నుంచి విద్యార్థులు విమానాల కొద్దీ దిగుతున్న ఏళ్లవి. లిఫ్టులో తెలుగు, లాండ్రీ గదిలో తెలుగు, బస్సులో మన వెనక సీట్లో తెలుగు. ఎవరి గురించైనా రహస్యంగా ఏదైనా అనుకోవలసి వస్తే మేము ఇంగ్లీషులోకి మారేవాళ్లం. నా రూమ్మేట్ వరంగల్ అమ్మాయి. తలుపున్న గది ఆమెది. తలుపు లేని చిన్న గదికి కర్టెన్ కట్టుకుని నేనుండేదాన్ని. కాలేజీ లేని రోజుల్లో ఆమె కాఫీ షాపు కౌంటర్లో నిలబడేది. నేను ఎటోబికోలో, విమానాశ్రయం పక్కన ఒక గిడ్డంగిలో, బయటికి వెళ్లే పెట్టెల మూలలు నలిగాయో లేదో పరీక్షించేదాన్ని. రోజంతా మూలలే చూసే మనిషికి సినిమాలో కూడా ముందు మూలలే కనిపిస్తాయి. మా రివ్యూల స్వభావం కొంతవరకు దాని వల్లే అలా తయారైందని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ రివ్యూలు మేము ఏ ప్రణాళికతోనూ మొదలుపెట్టలేదు. ఒక ఆదివారం సినిమా చూసి సబ్‌వేలో తిరిగి వస్తూ వాదించుకుంటుంటే, నా రూమ్మేట్ నాకు చెప్పకుండా ఆ వాదనను ఫోన్లో రికార్డు చేసి మా కాలేజీ తెలుగు గ్రూపులో పెట్టేసింది. అందులో నేను మాట్లాడింది ఎగిరే వీరుడి మెడ కండరాల గురించి. అంత వేగంతో మలుపు తిరిగితే ఆ మెడ నిలవదని నా అభిప్రాయం. గ్రూపులో వాళ్లు నవ్వారు, తిట్టారు, ఇంకోటి ఎప్పుడని అడిగారు. రెండోసారి నుంచి మాత్రం ఒక నమూనా ఉండాలని నేను పట్టుబట్టాను. కథ, ఫస్టాఫ్, ఇంటర్వెల్, సెకండాఫ్, క్లైమాక్స్, రేటింగ్. మన దగ్గర సినిమా పత్రికలూ టీ కొట్లూ పాటించే వరుసే అది. భౌతికశాస్త్రాన్ని ఉల్లంఘించిన ప్రతిసారీ పావు మార్కు కోత అన్నది మాత్రం నా సొంత చేర్పు.

మొదటి రెండు అంశాలు సాఫీగా జరిగిపోయాయి. మూడోదాని దగ్గర ఇద్దరమూ ఆగిపోయాం.

"ఇంటర్వెల్ లేని సినిమాకి ఇంటర్వెల్ గురించి ఏం చెప్తామే?" అన్నాను.

"వాళ్లు పెట్టకుంటే మనం పెడ్దాం. మనకు చాతగాదా ఏంది?" అంది.

ఆ మాటతో మా రివ్యూలకు ఒక వ్యక్తిత్వం వచ్చింది. ఆపకుండా నడిచే ప్రతి సినిమాకూ ఇంటర్వెల్ ఎక్కడ పడాలో మేమే నిర్ణయించడం మొదలుపెట్టాం. నాకు ఇందులో గడియారంతో పని లేదు. వేడెక్కుతున్న నీళ్లు ఒక చోట ఆవిరిగా మారతాయి. సినిమాలోనూ అలాంటి చోటు ఒకటుంటుంది. అక్కడ జరిగిన నష్టం వెనక్కి తిరిగిరానిదై ఉండాలి. దాన్ని సరిచేసే దారి ఏదీ ప్రేక్షకుడికి తోచకూడదు. ఆ వెంటనే తలుపులు తెరిచేంత నిశ్శబ్దం రావాలి. ఈ మూడూ ఒకే క్షణంలో కలిస్తే అది ఇంటర్వెల్. నా రూమ్మేట్ నిర్వచనం ఇంతకంటే పొట్టిది: "ఏ సీన్ అయినంక నాకు మిర్చిబజ్జి యాదికొస్తదో, గది." ఆశ్చర్యమేమిటంటే, రెండు నిర్వచనాలూ చాలాసార్లు ఒకే సీను దగ్గరికి తీసుకెళ్లేవి. కలవని వారం రివ్యూ బాగా వచ్చేది.

అలా కలవని ఒక వారం, మార్కమ్‌లో ఒక హాలు లాబీలో, పాప్‌కార్న్ వరుసలో నిలబడి గొడవ పడుతున్నాం.

"నువ్వన్న దగ్గర ఇంటర్వెల్ వేస్తే సెకండాఫ్‌కి జనం లోపలికి రారే. అప్పటికి విలన్ ఎవరో కూడా తెలీదు."

"రాకపోతె రాకపోనీ. బయట ముచ్చట పెట్టుకుంటరు."

మా ముందు నిలబడ్డ ఆయన వెనక్కి తిరిగారు. నడివయసు, మంచు కోటు, చేతిలో ఖాళీ పాప్‌కార్న్ డబ్బా.

"రివ్యూలు చెప్పేది మీరే కదమ్మా?"

"ఎలా తెలిసింది అంకుల్?" అన్నాను. మా ముఖాలు మేము ఎక్కడా చూపించలేదు.

"గొంతులు. మా ఆఫీసు గ్రూపులో ఎవరో పెట్టినారు. అప్పట్నుంచి ఆఫీసుకు పోతా కార్లో వింటుంటాను. ఈ అమ్మాయి 'మస్తుంది' అంటాది, నువ్వు వెంటనే 'అయితే' అంటావు. ఆ 'అయితే' తర్వాత ఎవరికో మూడింది అనుకుంటా నేను."

ఆయనది అనంతపురం. చాలా ఏళ్లు అమెరికాలో చేసి, అక్కడి నుంచి ఇటు వచ్చి, మార్కమ్‌లోనే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ విభాగం చూస్తున్నారు. ఇవన్నీ వరుస కదిలేలోగానే చెప్పేశారు. తర్వాత పాప్‌కార్న్ తీసుకుని వెళ్లిపోకుండా మా కోసం పక్కన నిలబడ్డారు.

"మీతో ఒక పని పడిందమ్మా. నవ్వకూడదు."

"నవ్వం అంకుల్," అంది నా రూమ్మేట్, అప్పటికే నవ్వుతూ.

"మా పాప పదో క్లాసు. ఇంట్లో నాతో మాట్లాడేది మూడు మాటలు. 'ఫైన్.' 'ఓకే.' 'కెన్ ఐ గో నౌ.'"

"మూడోది జర పొడుగ్గనే ఉన్నది గద అంకుల్."

"అది చెప్పేటప్పుడు ఇంకా పొట్టిగా చెప్తాదిలే." ఆయన డబ్బాను ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నారు. "ఈ సూపర్‌హీరో సినిమాలకు చిన్నప్పటి నుంచీ నాతోనే వస్తాది. నేను టికెట్ కొంటాను, కార్లో తీసుకుపోతాను, పక్కన కూర్చుంటాను, నిద్రపోతాను. అన్నిట్లోనూ నిద్రే. ఇంగ్లీషు సినిమా, ఏసీ, వాలే కుర్చీ... ఏం చేయల్ల? వచ్చే నెల ఆ క్రేన్ నడిపే ఆమెది అయిదో సినిమా వస్తాది కదా. అది నాతో చూస్తానంది. దాని తర్వాతవి ఫ్రెండ్స్‌తో పోతుందంట. ఎందుకమ్మా అంటే, 'డాడ్, యూ జస్ట్ స్లీప్' అనేసింది."

అంతవరకూ నవ్వుతున్న మేమిద్దరం ఆపేశాం.

"అది అబద్ధమంటే సరిపోయేది," అన్నారాయన. "అబద్ధం కాదే. నాకు మిగిలింది ఇంక ఒక్క సినిమా. దానికైనా పక్కన కూర్చున్న మనిషిలా ఉండల్ల. ముందు వచ్చిన నాలుగూ నాకు నేర్పించండమ్మా."

శనివారం ఉదయాలు, మా స్టేషన్ పక్క మాల్లోని ఫుడ్ కోర్టులో పాఠాలు మొదలయ్యాయి. ఆయన కాఫీలు తెచ్చేవారు. నేను ట్రేలో పరిచే కాగితాన్ని తిరగేసి బొమ్మలు గీసేదాన్ని. ఆ సిరీస్ నాయిక ఓడరేవులో క్రేన్ నడిపే మనిషి. రెప్ప వేయకుండా దేనివైపు చూస్తే దాని బరువు మాయమవుతుంది. ఆమెకు ఆ విద్యను అదుపు చేయడం నేర్పిన గురువే నాలుగో సినిమాకు శత్రువవుతాడు. ఇంత సరళమైన కథను నేను సర్క్యూట్ లాంటి పటంగా మార్చాను. ఏ సినిమాలో ఏ సంఘటన ఇంకే సినిమాలో దేనికి కారణమైందో బాణం గుర్తులు, ఒక్కో బాణం పక్కన శాస్త్రీయ అభ్యంతరం. వాటిలో ముఖ్యమైనది ఇది: బరువు సున్నా అయినంత మాత్రాన ద్రవ్యరాశి పోదు కనుక, గాల్లో తేలుతున్న ఓడను వేలితో తోస్తే అది చటుక్కున కదలదు, అలా కదిలినట్టు చూపించడం నాలుగు సినిమాల్లోనూ పదేపదే జరిగిన తప్పు.

ఆయన మంచి విద్యార్థి. వృత్తిరీత్యా తప్పులు వెతికే మనిషి కావడం వల్ల కాస్త అతి మంచి విద్యార్థి కూడా.

"మూడో దాంట్లో ఎడమ చెయ్యి పోయింది కదమ్మా ఆమెకు. నాలుగో దాంట్లో రెండు చేతులతో నిచ్చెన ఎక్కింది. ఇది బగ్ కదా?"

"కాదు అంకుల్. అది కృత్రిమ చెయ్యి. నాలుగో సినిమా మొదట్లో వర్క్‌షాపు సీనుంది."

"అది నేను నిద్రపోయిన సీన్లలో ఉండాదేమో."

"మీరు నిద్రపోని సీన్లు చెప్తె తొందరగ అయిపోతది అంకుల్," అంది నా రూమ్మేట్. ఆమె బోధన పద్ధతి వేరు. నా పటాలన్నీ పూర్తయ్యేదాకా ఫ్రెంచ్ ఫ్రైస్ తింటూ కూర్చుని, చివర్లో ఒకే ఒక్క సలహా ఇచ్చేది: "ఏడుపు సీన్ల పాప దిక్కు చూడకండి. గంతే. మిగిలింది మీరే చూస్కోండి." దాన్ని బోధన అనడానికి నా మనసు ఒప్పుకునేది కాదు.

సినిమా విడుదలైన ఆదివారం మధ్యాహ్నం ఆటకు ఆయన టికెట్లు తీసుకున్నారు. మమ్మల్ని కూడా అదే ఆటకు రమ్మన్నారు. ఏదైనా మరిచిపోతే మా ముఖం చూస్తే గుర్తొస్తుందట. "ఇది పరీక్ష గాదు అంకుల్, చిట్టీలు అందియ్యనీకి," అని నా రూమ్మేట్ అన్నా, మేము ఆ ఆటకే కొనుక్కున్నాం. ఎలాగూ చూడవలసిందే కదా అన్నది పైకి చెప్పుకున్న కారణం. ఆట అయ్యాక మమ్మల్ని స్టేషన్ దగ్గర దింపుతానని కూడా ఆయన మాట ఇచ్చారు. బయట మంచు పడుతోంది కనుక ఆ కారణం ఇంకా బలమైనది.

వాళ్లిద్దరికీ రెండు వరుసల వెనక, కొంచెం కుడి పక్కకు మేము కూర్చున్నాం. ఆయన వెనక్కి తిరిగి చూసి, మేము తెలిసినట్టు కనిపించకూడదన్నట్టు వెంటనే ముందుకు తిరిగారు. పాప హుడ్ వేసుకుని ఉంది. ప్రకటనలు నడుస్తుండగా ఆయన ఆమె వైపు వంగి మొదటి సినిమా నుంచి చెప్పడం మొదలుపెట్టినట్టున్నారు. చేతులు గాల్లో నా బాణం గుర్తులు గీస్తున్నాయి. రెండో బాణం దగ్గర పాప హుడ్ తాళ్లు బిగించుకుంది.

సినిమా మొదలయ్యాక పరిస్థితి ఇంకా దిగజారింది. మునిగిపోతున్న పడవ మీదికి నాయిక చూపు తిప్పగానే, నిశ్శబ్దమైన హాల్లో ఆయన గుసగుస మా వరుసదాకా వినిపించింది.

"వెయిట్ జీరో అయినా మాస్ మారదు కన్నా. అది అంత జోరుగా కదలకూడదు."

"డాడ్. ఐ నో."

"నీ లెక్చరే గది," అని నా రూమ్మేట్ మోచేత్తో పొడిచింది.

ఇంకాసేపటికి వర్క్‌షాపు కనిపించింది. "ఈ చెయ్యి ఫోర్త్ పార్ట్‌లో..." అని ఆయన మొదలుపెట్టేలోగా పాప, ఇద్దరి మధ్యా ఉన్న పాప్‌కార్న్ డబ్బాను తీసి తనకు అటు పక్కన పెట్టుకుంది. వెనక నుంచి నాకు కనిపించింది ఆయన తల మాత్రమే. ఆ తల కొంచెం కిందికి జారింది. నిద్ర కోసం జారలేదని నాకు తెలుసు. నా పటంలో ప్రతి బాణమూ సరైనదే. పక్కన కూర్చున్న మనిషికి ఏం కావాలో చెప్పే బాణం మాత్రం నేను ఎక్కడా గీయలేదు.

ఇక ఆ సీను గురించి క్రమంగా చెప్పాలి. ఓడరేవు, తుఫాను. వందల మంది ఉన్న ఓడను నాయిక తన చూపుతో నీళ్లపైన ఎత్తి పట్టుకుని ఉంది. రెప్ప వేస్తే ఓడ బరువు ఓడకు తిరిగి వస్తుంది. గురువు వెనక నుంచి నడుచుకుంటూ వచ్చాడు. కొట్టలేదు, తిట్టలేదు. నిద్రపోతున్న పిల్ల ముఖాన పడే వెలుతురుకు అడ్డం పెట్టినంత మెల్లగా ఆమె కళ్ల మీద అరచెయ్యి వేశాడు. ఓడ కిందికి కదిలిన శబ్దం వచ్చింది. తెర నల్లబడింది. శబ్దం పూర్తిగా ఆగిపోయింది.

తిరిగిరాని నష్టం, తోచని దారి, తలుపు తెరిచేంత నిశ్శబ్దం. మూడూ ఒక్క క్షణంలో.

తేరుకుని చూసుకునేసరికి నేను నిలబడి ఉన్నాను. ఒళ్లోని మంచు కోటు జారి ముందు వరుస మీద పడింది. నా పక్కన నా రూమ్మేట్ కూడా నిలబడి ఉంది, మఫ్లర్ భుజాన వేసుకుని, బజ్జీలకు బయలుదేరుతున్న మనిషిలా. రెండు వరుసల ముందు అంకుల్ నిలబడటమే కాదు, పాప కాళ్లు దాటుకుని అప్పటికే సగం దూరం వచ్చేశారు. మా ముగ్గురి శరీరాలూ మా అనుమతి తీసుకోకుండా, ఎన్నో ఏళ్ల క్రితం మా ఊళ్లలో నేర్చుకున్న పని చేసేశాయి.

అప్పుడు తెర వెలిగింది. తుఫాను వెలిసిన తెల్లవారి ఓడరేవు, కళ్లు చెదిరే వెలుగు. ఆ వెలుగుకు అడ్డంగా నల్లటి ఆకారాలు మూడు.

"సిట్ డౌన్!" అని ఎవరో అరిచారు.

చివరి వరుస నుంచి ఒక మగ గొంతు, నిజాయితీగా నొచ్చుకుంటూ: "అరె, ఇక్కడ ఇంటర్వెల్ ఉండదు కదరా!"

హాల్లో ఉన్న తెలుగువాళ్లందరూ ఒకేసారి నవ్వారు. మిగిలిన వాళ్లకు ఓడ మునిగిపోవడంలో నవ్వు ఎక్కడుందో అర్థం కాలేదు. కూర్చుంటూ చూశాను: పాప హుడ్ వెనక్కి తోసేసి, తన తండ్రినీ, వెనక్కి తిరిగి మమ్మల్నీ, మళ్లీ తండ్రినీ చూస్తోంది. ఆ తర్వాతి సీన్లలో ఆమె తెర వైపు ఎంత చూసిందో, తండ్రి వైపూ అంతే చూసింది. ఆయన మాత్రం అవమానంతో చివరిదాకా తెర మీది నుంచి చూపు తిప్పలేదు. పేర్లన్నీ జరిగిపోయాక వచ్చే ఆఖరి తునక కోసం కూడా కదలకుండా కూర్చున్నారు. పాఠంలో అది ఉంది.

లాబీలో మేము గోడ పక్కన నిలబడి ఆయనకు కనిపించకుండా ఉండే ప్రయత్నంలో ఉన్నాం. పాప నేరుగా మా దగ్గరికే వచ్చింది. వెనకాల ఆయన.

"ఓకే. హౌ డిడ్ యూ గైజ్ డూ దట్?"

"డూ వాట్?" అంది నా రూమ్మేట్.

"యూ ఆల్ స్టుడ్ అప్. ఎగ్జాక్ట్ సేమ్ సెకండ్. వాజ్ దట్ ప్లాన్డ్? డాడ్, డూ యూ నో దెమ్?"

అడగడమే ఆలస్యం, నేను గొంతు సవరించుకున్నాను. ఇంటర్వెల్‌కు ఉండవలసిన లక్షణాలు ఒక క్రమంలో చెప్పగల మనిషి ఆ లాబీలో నేనొక్కదాన్నే. నా రూమ్మేట్ నా చెయ్యి గట్టిగా గిల్లింది.

"నువ్వు ఆగు. నాన్న చెప్తడు," అని నాతో అని, పాప వైపు తిరిగింది. "ఆస్క్ యువర్ డాడ్."

ఆయన మొదట ఇంగ్లీషులో ప్రయత్నించారు. "సో, ఇన్ అవర్ థియేటర్స్, దేర్ ఈజ్ ఏ బ్రేక్..." అని ఆగి, తర్వాత ఇంగ్లీషును వదిలేశారు.

"సగం సినిమా అయినాక బెల్లు కొడతారమ్మా. తలుపులన్నీ ఒకేసారి తీస్తారు. అంతసేపూ చీకట్లో ఉండి ఉంటాం కదా, ఎండ మొహాన కొడతాది. కళ్లు చిట్లించుకుంటా అందరం బయటికి పోతాం. గోలీ సోడా, మసాలా బొరుగులు. అప్పుడు ఉంటాది తగాదా! హీరో ఎట్ల తప్పించుకుంటాడు, వాళ్ల నాయన నిజంగా చచ్చిపోయినాడా లేదా... నేనొకటి అంటాను, సోడా కొట్టాయన ఇంకోటి అంటాడు. తెలిసినోళ్లు, తెలియనోళ్లు అని లేదు. మళ్లీ బెల్లు కొడితే సగం సోడా వదిలేసి పరిగెత్తడమే."

పాపకు తెలుగు బాగానే అర్థమవుతుందని ఆమె కళ్లను బట్టి తెలిసింది.

"వెయిట్. సో ద హోల్ థియేటర్ జస్ట్ గోస్ అవుట్సైడ్ అండ్ గెసెస్ ద ఎండింగ్?"

"అవును."

"విత్ రాండమ్ పీపుల్?"

"వాళ్లతోనే ఎక్కువ. నీకు తెలిసినోడు ఏమంటాడో నీకు ముందే తెలుసు కదా."

పాప హుడ్ తాడును వేలికి చుట్టుకుంది. ఆ కాస్త సమయంలో ఆయన మా వైపు ఒకసారి చూశారు. నా పటాల్లో దీనికి జవాబు ఉందా అని అడుగుతున్న చూపు. లేదు.

"బట్ దట్స్ ద రాంగ్ స్పాట్," అంది పాప.

"ఏంది రాంగు?"

"యువర్ ఇంటర్వెల్. ఇట్ షుడ్ బీ బిఫోర్. వెన్ హీ గివ్స్ హర్ గ్లోవ్స్ బ్యాక్. దట్స్ వెన్ హీ డిసైడ్స్. ద షిప్ ఈజ్ జస్ట్ వాట్ హ్యాపెన్స్."

"అట్లెట్లమ్మా!" ఆయన గొంతు లాబీ అంతా వినిపించింది. "గురువు ఆమె చేతి తొడుగులు వెనక్కిచ్చినాడు అని ఆపేస్తే, జనం సోడా తాగుతా ఏం మాట్లాడుకుంటారు? తొడుగుల గురించా?"

"యెస్! ఎగ్జాక్ట్లీ! ఎందుకు ఇచ్చాడు అని!"

ఆ తెలుగు వాక్యం తన నోట వచ్చిందని ఆమె గమనించిందో లేదో నాకు తెలియదు. ఆయన కూడా గమనించినట్టు లేరు, ఓడ మునగడాన్ని సమర్థించే పనిలో ఉన్నారు. ఇద్దరూ వాదించుకుంటూనే తలుపు దాటారు, వాదించుకుంటూనే పార్కింగులో కారు మీది మంచు తుడిచారు, అంటే ఆయన తుడిచారు, ఆమె చేతులు ఊపుతూ పక్కన నిలబడింది. కారు కదిలి మా ముందు నుంచే వెళ్లింది. లోపల లైటు ఇంకా వెలుగుతూనే ఉంది.

"మనల్ని దింపుతా అన్నడు గద," అంది నా రూమ్మేట్.

"అన్నారు."

"మరిచిండు."

"పూర్తిగా."

బస్టాపులో మంచు కింద నిలబడి, ఆమె ఎందుకో చాలా సంతోషంగా ఉంది. నేనూ ఉన్నాను. అయితే, తొడుగుల సీను ఇంటర్వెల్ అవుతుందన్న వాదన నా నిర్వచనానికి నిలవదని బస్సు వచ్చేదాకా ఆమెకు వివరించాను.

పాప మాట తప్పలేదు. కొన్ని నెలల తర్వాత వేరే సిరీస్‌లో ఒక పెద్ద సినిమా వచ్చినప్పుడు, ముందే చెప్పినట్టు స్నేహితులతోనే వెళ్లింది. ఆ సాయంత్రం అంకుల్ నుంచి ఫోన్ వచ్చింది. నేను స్పీకర్లో పెట్టాను.

"పాప మెసేజ్ పెట్టిందమ్మా, హాల్లోంచి బయటికి రాగానే. 'ఇంటర్వెల్ ఈజ్ ద బ్రిడ్జ్. డోంట్ ఈవెన్ ట్రై.' అంతే."

"మీరేమన్నారు అంకుల్?"

"ఏమంటాను? నేను చూడలేదే. చూడకుండానే కాదనొచ్చా?"

"అనొచ్చు," అంది నా రూమ్మేట్ వంటగదిలోంచి. "మనోళ్లంత గట్లనే అంటరు."

"అనకూడదు," అన్నాను. "చూసి అనండి."

మర్నాడు ఆఫీసు నుంచి నేరుగా హాలుకు వెళ్లి, ఒక్కరే కూర్చుని, నిద్రపోకుండా మొత్తం చూశారు. తన అభిప్రాయం మరుసటి రోజు మెసేజ్‌గా పంపారు: బ్రిడ్జ్ కాదు, దానికి ముందు వచ్చే ఆసుపత్రి సీను. ఆ తర్వాత జరిగింది చెప్పడానికి మాకు మళ్లీ ఫోన్ చేశారు.

"ఫోన్ చేసిందమ్మా. మెసేజ్ కాదు, ఫోనే చేసింది. స్కూలు నుంచి ఇంటికి నడుస్తా, ఇల్లు చేరేదాకా తిట్టింది నన్ను. నేను ఇంటికొచ్చినాక ఎదురుగా నిలబడి మళ్లీ తిట్టింది. అంతా అయినాక మీ రివ్యూ ఎప్పుడొస్తాదని అడిగింది. మేమిద్దరం కార్లో వింటాం. మీరే తేల్చల్ల."

ఆ మంగళవారం మేము ఆ సినిమాకు వెళ్లాం. ఆసుపత్రి సీను వచ్చింది, బాగుంది, వెళ్లిపోయింది. తర్వాత బ్రిడ్జ్ వచ్చింది. ఆ సీను చివర తెర నల్లబడనే లేదు. అయినా నా మోకాళ్లు బిగుసుకున్నాయి. పక్కన నా రూమ్మేట్ సీటు అంచుదాకా వచ్చి, తమాయించుకుని, వెనక్కి వాలింది.

"పాపదే కరెక్టు," అంది మెల్లగా.

"సందేహమే లేదు," అన్నాను. మా రెండు నిర్వచనాలూ అంత కచ్చితంగా ఒకే చోట కలవడం అదే మొదటిసారి.

ఇంటికొచ్చి ఫోన్ ముందు పెట్టుకుని రికార్డింగు మొదలుపెట్టాం. కథ చెప్పాం. ఫస్టాఫ్ చెప్పాం. ఇంటర్వెల్ దగ్గరికి వచ్చేసరికి ఆమె నా వైపు చూసింది, నేను ఆమె వైపు చూశాను. మార్కమ్‌లో ఒక కార్లో ఇద్దరు మనుషులు ఈ వాక్యం కోసం ఎదురుచూస్తారు. మేము తేల్చేస్తే, వాళ్లకు తేల్చుకోవలసింది ఏమీ మిగలదు.

నమూనా అంటే నమూనాయే అని అంతవరకూ వాదిస్తూ వచ్చింది నేను. ఆ నమూనాలో మూడో అంశాన్ని వదిలేసి, నేరుగా సెకండాఫ్‌లోకి వెళ్లిపోయాను.